ప్రతి ఉపగ్రహంలోనూ ఒక కణమాపకం: భారత అంతరిక్ష పరిశోధన సంస్థ అధ్యక్షులకు బహిరంగ లేఖ



భూమి చుట్టూ ఉన్న అంతరిక్షం ఉత్త శూన్యం కాదనీ, కాంతివేగానికి చేరువగా పరుగెత్తే ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు, వాటికంటె బరువైన పరమాణు కేంద్రకాలు అందులో రేయింబవళ్లు సంచరిస్తుంటాయనీ, శ్రీహరికోట నుంచి ఎగిరిన ప్రతి ఉపగ్రహమూ ఆ కణాల తాకిడికి ఓర్చుకుంటూనే తన ఆయుష్షు గడుపుతుందనీ సంస్థకు వేరుగా చెప్పవలసిన పని లేదు. ఆ తాకిడిని లెక్కగట్టే సాధనాలకు మన ఉపగ్రహాలలో దక్కవలసిన స్థానం గురించి మాత్రం బహిరంగంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. భూస్థిర కక్ష్యకు గానీ అంతకు మించిన దూరాలకు గానీ వెళ్లే ప్రతి భారతీయ ఉపగ్రహంలోనూ ఒక చిన్న కణమాపకం తప్పనిసరిగా ఉండాలి. అది లెక్కించిన సంఖ్యలు జాప్యం లేకుండా, అడిగిన వారికీ అడగని వారికీ ఒకేలా అందాలి. ఈ లేఖలోని విన్నపం ఇంతే. మిగిలినదంతా ఆ విన్నపానికి గల కారణం.

ఆవేశిత కణం అంటే విద్యుదావేశం గల కణం. ఋణావేశం గల ఎలక్ట్రాన్, ధనావేశం గల ప్రోటాన్, తమ ఎలక్ట్రాన్లను పోగొట్టుకున్న హీలియం, ఆక్సిజన్, ఇనుము వంటి మూలకాల కేంద్రకాలు ఈ కోవలోకి వస్తాయి. వీటి శక్తిని ఎలక్ట్రాన్ వోల్టులలో చెబుతారు. ఒక వోల్టు విద్యుత్ తేడాను దాటినప్పుడు ఒక ఎలక్ట్రాన్ పుంజుకునే శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టు. మనం పీల్చే గాలిలో ఒక అణువు కదలికకు ఉండే శక్తి అందులో సుమారు ఇరవై అయిదో వంతు కాగా, భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుని తిరిగే వికిరణ వలయాలలో 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లు సర్వసాధారణం, లోపలి వలయంలో 10 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు దాటిన ప్రోటాన్లకూ కొదవ లేదు. భూమి నుంచి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున మన ఇన్సాట్, జీశాట్ ఉపగ్రహాలు ఉండే కక్ష్య బయటి వలయంలోనే ఉంది.

ఈ వలయాల ఉనికి బయటపడిన తీరు కణమాపకం ఎంత మేలు చేయగలదో, దానిని సరిగా అర్థం చేసుకోకపోతే ఎంత తప్పుదోవ పట్టించగలదో ఒకేసారి చెబుతుంది. 1958 జనవరి 31న అమెరికా ప్రయోగించిన ఎక్స్‌ప్లోరర్-1లో అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ వాన్ అలెన్ బృందం ఒక గైగర్ గొట్టాన్ని అమర్చింది. పలుచని వాయువు నింపి, అధిక వోల్టేజి కింద ఉంచిన ఆ గొట్టంలోకి ఒక ఆవేశిత కణం దూరితే లోపలి వాయువులో చిన్న మెరుపు వంటి విద్యుత్ ఉత్సర్గం పుట్టి, ఒక స్పందనగా నమోదవుతుంది. తక్కువ ఎత్తులో ఆ గొట్టం విశ్వకిరణాల వల్ల రావలసిన సంఖ్యలనే చూపింది. 2,500 కిలోమీటర్ల దాకా సాగే కక్ష్యలో ఉపగ్రహం పైకి వెళ్లినప్పుడు మాత్రం లెక్క సున్నాకు పడిపోయింది. టేప్ రికార్డర్ లేని ఆ ఉపగ్రహం నుంచి నేల కేంద్రాల మీదుగా పోయినప్పుడు అందిన తునకలే ఆధారం కనుక, పరికరం పాడయిందా అన్న అనుమానం అప్పట్లో సహజమే. మార్చి 26న వెళ్లిన ఎక్స్‌ప్లోరర్-3లో రికార్డర్ ఉంది; అందులో కక్ష్య పొడవునా లెక్క పెరగడం, ఒక హద్దు దాటాక ఒక్కసారిగా సున్నాకు దిగిపోవడం, కిందికి వచ్చాక తిరిగి కనబడడం స్పష్టంగా నమోదయ్యాయి.

గైగర్ గొట్టానికి ఒక స్పందన తరువాత సుమారు వంద మైక్రోసెకన్ల విరామం కావాలి. ఆ విరామంలో వచ్చిన కణాన్ని అది గుర్తించలేదు. కణాలు మరీ వెంటవెంటనే వచ్చి పడితే విరామమే దొరకక, స్పందనలు చిన్నవై, లెక్కించే సర్క్యూట్ వాటిని స్పందనలుగా స్వీకరించడం మానేస్తుంది. బృందంలోని కార్ల్ మెకిల్వేన్ అటువంటి గొట్టాన్నే ఎక్స్‌రే యంత్రం ముందు పెట్టి, కిరణాల తీవ్రత పెంచుకుంటూ పోగా లెక్క నిజంగానే సున్నాకు చేరింది. కణాలు లేనందువల్ల వచ్చిన సున్నా కాదది, పరికరం తట్టుకోలేనంతగా కణాలు కమ్ముకున్నందువల్ల వచ్చిన సున్నా. 1958 మే 1న ఆ సంగతి లోకానికి వెల్లడయింది. కొలత ఒక్కటే చాలదు, కొలిచే సాధనం ఏ హద్దులో పనిచేస్తుందో, ఆ హద్దు దాటాక ఏమి చూపుతుందో కూడా తెలిసి ఉండాలన్న నియమానికి ఇంతకు మించిన ఉదాహరణ ఈ శాస్త్రంలో దొరకదు.

ఎక్స్‌ప్లోరర్-1కు మూడు నెలల ముందే, 1957 నవంబర్ 3న సోవియట్ యూనియన్ ప్రయోగించిన స్పుత్నిక్-2లోనూ సెర్గేయ్ వెర్నోవ్ బృందం చేసిన కణగణకం ఉంది. సోవియట్ భూభాగం మీదుగా పోయేటప్పుడు ఆ ఉపగ్రహం తక్కువ ఎత్తులోనూ, దక్షిణార్ధగోళం మీదుగా పోయేటప్పుడు ఎక్కువ ఎత్తులోనూ ఉండేది. అంటే వలయాల జాడ ఉన్న సంకేతాలు వినబడగల చోటు ఆస్ట్రేలియా. అక్కడ సంకేతాలను నమోదు చేసిన వారి దగ్గర వాటి అర్థం విప్పే కోడ్ లేదు. కోడ్ ఉన్న వారి దగ్గర ఆ సంకేతాలు లేవు. ఒక మహత్తర ఆవిష్కరణ రెండు ఖండాల మధ్య సగం సగంగా పడి ఉండిపోయింది. దత్తాంశాలను దాచుకోవడం వల్ల ఎవరికి ఏమి కలిసివచ్చిందో గానీ, విజ్ఞానానికి జరిగిన నష్టం మాత్రం చరిత్రకెక్కింది.

ఈనాటి కణమాపకాలలో గైగర్ గొట్టం స్థానాన్ని చాలావరకు సిలికాన్ పలక తీసుకుంది. మిల్లీమీటరులో కొద్ది వంతుల నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం గల ఆ పలక గుండా ఒక కణం దూసుకుపోయేటప్పుడు తన శక్తిలో కొంత అక్కడ వదిలేస్తుంది. వదిలిన ప్రతి 3.6 ఎలక్ట్రాన్ వోల్టులకు సిలికాన్‌లో ఒక ఎలక్ట్రాన్, అది ఖాళీ చేసిన ఒక చోటు జంటగా విడివడతాయి. 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి మొత్తం పలకలోనే ఖర్చయితే సుమారు 2 లక్షల 80 వేల జంటలు పుడతాయి. పలకకు రెండు వైపులా ఉంచిన వోల్టేజి వాటిని చెరొక వైపుకూ లాగుతుంది, ఆ సూక్ష్మమైన ఆవేశాన్ని ఆంప్లిఫయర్ ఒక విద్యుత్ స్పందనగా పెంచుతుంది, స్పందన ఎత్తును బట్టి కణం విడిచిన శక్తి తెలుస్తుంది. ఒకే శక్తి గల రెండు రకాల కణాలు ఒకే దూరం చొచ్చుకుపోవు. 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ సిలికాన్‌లో 0.016 మిల్లీమీటరు లోపలే, అంటే తలవెంట్రుక మందంలో నాలుగో వంతు కూడా పోకముందే ఆగిపోతుంది. అదే శక్తి గల ఎలక్ట్రాన్ సుమారు రెండు మిల్లీమీటర్ల దాకా పోగలదు. అందుకే పలకలను ఒకదాని వెనుక ఒకటి పేర్చి, ఏ పలకలో ఎంత శక్తి పడిందో చూసి, వచ్చినది ఏ కణమో, ఎంత శక్తితో వచ్చిందో తేలుస్తారు. ఇటువంటి పేర్పును కణ దూరదర్శిని అంటారు. కటకాలు గానీ దర్పణాలు గానీ లేకపోయినా, ముందున్న ఇరుకు ద్వారం వల్ల అది ఒకే దిశ నుంచి వచ్చేవాటిని చూస్తుంది కనుక ఆ పేరు తగినదే.

ఈ సాధనాలకు ఉన్న పెద్ద ఇబ్బంది పక్క గోడల్లోంచి దొంగతనంగా చొరబడే కణాలు. 10 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ మూడున్నర సెంటీమీటర్ల మందం అల్యూమినియాన్ని సైతం చీల్చుకుపోతుంది. ఉపగ్రహంలో అంత మందం కవచం పెట్టుకోవడం అరుదు. అలా పక్కనుంచి దూరిన ప్రోటాన్ పలకలో కొద్ది శక్తి వదిలి వెళితే, పరికరం దానిని ముందు ద్వారం గుండా వచ్చిన ఎలక్ట్రాన్‌గా లెక్కిస్తుంది. లోపలి వలయంలో అధికశక్తి ఎలక్ట్రాన్లు పుష్కలంగా ఉన్నాయని దశాబ్దాల పాటు నమ్మడానికి ఈ పొరపాటే చాలావరకు కారణం. 2012 ఆగస్టు 30న అమెరికా ప్రయోగించిన వాన్ అలెన్ జంట ఉపగ్రహాలలో ఒక అయస్కాంత వర్ణపటమాపకం ఉండేది. ఎలక్ట్రాన్‌ను అయస్కాంతంతో వంచి, అది పడిన చోటును బట్టి ఒక శక్తినీ, పలకలో పుట్టిన స్పందనను బట్టి మరొక శక్తినీ లెక్కగట్టి, రెండూ సరిపోలినప్పుడే అది ఎలక్ట్రాన్ అని ఒప్పుకోవడం దాని పద్ధతి. ఆ కఠినమైన పరీక్ష పెట్టి చూస్తే, ప్రయోగం తరువాతి తొలి ఏళ్లలో లోపలి వలయంలో అంత శక్తి గల ఎలక్ట్రాన్లు లెక్కకు అందనంత తక్కువగా ఉన్నాయని తేలింది. రెండు సాక్ష్యాలు అడిగే పరికరమే అంతరిక్షంలో నమ్మదగిన పరికరం.

అదే జంట ఉపగ్రహాలు మరొక సంగతి నేర్పాయి. కొత్త ఉపగ్రహంలోని శాస్త్రీయ పరికరాలను నింపాదిగా, వారాల తరబడి ఒక్కొక్కటిగా మేలుకొలపడం వాడుక. అయితే అప్పటికి ఇరవై ఏళ్లుగా కక్ష్యలో ఉన్న శాంపెక్స్ అనే పాత ఉపగ్రహం వాతావరణంలో పడి కాలిపోయే రోజులు దగ్గరపడ్డాయి. దాని కొలతలతో పోల్చి చూసుకోవాలన్న తలంపుతో కొత్త ఉపగ్రహాలలోని అధికశక్తి కణ దూరదర్శినిని సెప్టెంబర్ 1నే, ప్రయోగం జరిగిన రెండు రోజులకే, పని చేయించారు. ఆ మర్నాటి నుంచి కనబడినది పాఠ్యపుస్తకాలలో లేనిది: రెండు వలయాల నడుమ, వాటితో కలవకుండా నిలిచిన మూడవ వలయం. నాలుగు వారాలు నిలిచి, సూర్యుని నుంచి వచ్చిన ఒక ఆఘాత తరంగంతో అది చెరిగిపోయింది. వాడుక ప్రకారం ఆగి ఉంటే ఆ వలయం వచ్చిన సంగతీ, పోయిన సంగతీ ఎవరికీ తెలిసేది కాదు.

ఇదంతా శాస్త్రజ్ఞుల ఆనందం కోసమేనని అనుకోవడానికి వీలు లేదు. 1994 జనవరి 20, 21 తేదీలలో కెనడాకు చెందిన ఆనిక్ ఈ-1, ఈ-2 సమాచార ఉపగ్రహాలు గంటల వ్యవధిలో ఒకదాని వెంట ఒకటి అదుపు తప్పాయి. అంతకు కొన్ని రోజుల ముందు నుంచీ బయటి వలయంలో అధికశక్తి ఎలక్ట్రాన్లు విపరీతంగా పెరిగి ఉన్నాయి. 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులకు మించిన ఎలక్ట్రాన్లు ఉపగ్రహపు గోడలను దాటి, లోపలి తీగల ప్లాస్టిక్ తొడుగుల్లోనూ సర్క్యూట్ బోర్డుల్లోనూ నాటుకుపోతాయి. విద్యుత్తును పారనివ్వని ఆ పదార్థాల్లో ఆవేశం రోజుల తరబడి పోగై, తట్టుకోలేని స్థాయికి చేరాక ఒక్క క్షణంలో చిన్న పిడుగులా పగులుతుంది. ఆనిక్ ఉపగ్రహాలలో ఆ దెబ్బ దిశను నిలిపే చక్రాల నియంత్రణకు తగిలింది. మొదటిది కొన్ని గంటల్లో కోలుకుంది. రెండవదానిని తిరిగి సేవలోకి తేవడానికి నెలలు పట్టింది. ఉత్తర కెనడాలో ఫోన్లూ టెలివిజనూ మూగబోయిన ఆ రోజుల్లో కారణాన్ని వెతకగలిగారంటే, కక్ష్యలోని ఇతర ఉపగ్రహాలపై కణమాపకాలు పనిచేస్తూ ఉన్నందువల్లనే.

మన దేశానికి ఈ రంగం కొత్తది కాదు. భూమధ్యరేఖకు చేరువలో భూ అయస్కాంత క్షేత్రం తక్కువ శక్తి కణాలను పక్కకు మళ్లిస్తుంది కనుక, హైదరాబాదు మీది ఆకాశానికి చాలా అధికశక్తి గల విశ్వకిరణాలు మాత్రమే చేరతాయి. ఆ సహజమైన వడపోతను వాడుకుని టాటా మౌలిక పరిశోధన సంస్థ ఇక్కడి నుంచి దశాబ్దాలుగా బెలూన్లు ఎగరవేసింది. 1985లో అమెరికా అంతరిక్ష నౌకలోని స్పేస్‌ల్యాబ్-3పై మన శాస్త్రజ్ఞులు పంపిన అనురాధ ప్రయోగంలో ప్లాస్టిక్ రేకుల దొంతర ఒకటి నెమ్మదిగా తిరుగుతూ ఉండేది. రేకుల్లోంచి దూసుకుపోయిన కేంద్రకాలు వదిలిన కంటికానని గాయాలను క్షారంలో నానబెట్టి పెద్దవి చేసి, ఏ గాయం ఏ సమయంలో తగిలిందో రేకుల స్థానాన్ని బట్టి గుర్తించారు. ఎలక్ట్రానిక్ పరికరం అక్కరలేని ఆ ఉపాయం ఈనాటికీ ముచ్చట గొలుపుతుంది. 2015లో వెళ్లిన ఆస్ట్రోశాట్‌లో ఒక సెంటీమీటరు ఘనపు సీసియం అయొడైడ్ స్ఫటికంతో చేసిన కణమాపకం ఉంది. కణం తగిలిన స్ఫటికంలో పుట్టే మెరుపును ఫోటోడయోడ్ చూస్తుంది. ఉపగ్రహం దక్షిణ అట్లాంటిక్ మీద వికిరణ వలయం కిందికి దిగి ఉండే ప్రాంతంలోకి ప్రవేశించినప్పుడు లెక్క ఒక్కసారిగా పెరుగుతుంది, ఆ హెచ్చరికతో ఖరీదైన ఎక్స్‌రే పరికరాల అధిక వోల్టేజిని తగ్గించవచ్చు. పెద్ద పరికరాల ప్రాణం ఒక చిన్న స్ఫటికం చేతిలో ఉన్నదన్న మాట.

2017 జూన్ 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన జీశాట్-19 సమాచార ఉపగ్రహంలో భూస్థిర కక్ష్యలోని ఆవేశిత కణాలను, అవి ఎలక్ట్రానిక్ భాగాలపై చూపే ప్రభావాన్ని పరిశీలించే వర్ణపటమాపకాన్ని సంస్థ స్వయంగా అమర్చింది. అది మంచి అడుగు. 2023 సెప్టెంబర్ 2న వెళ్లిన ఆదిత్య-ఎల్1లో అహ్మదాబాదులోని భౌతిక పరిశోధన ప్రయోగశాల చేసిన స్టెప్స్ పరికరానికి ఆరు దిశల్లో చూసే ఆరు సెన్సర్లు ఉన్నాయి. ఉపగ్రహం గమ్యం చేరేదాకా ఆగకుండా, భూమికి 50,000 కిలోమీటర్లు దాటిన తరువాత సెప్టెంబర్ 10నే దానిని పని చేయించడం ఎంతో దూరదృష్టి గల నిర్ణయం. అయస్కాంత క్షేత్ర రేఖల చుట్టూ మరచుట్టలా తిరుగుతూ వచ్చే కణాలు అన్ని వైపుల నుంచీ సమానంగా రావు కనుక ఆరు దిశలలో చూడడం విలాసం కాదు, అవసరం. సూర్యుని మీద పేలుడు జరిగినప్పుడు తేలికైన ఎలక్ట్రాన్లు ముందు చేరి, బరువైన ప్రోటాన్లు వెనుక వస్తాయి. భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల ఆ తొలి ఎలక్ట్రాన్లను చూడగలిగితే, కొన్ని సందర్భాలలో గంట ముందుగా హెచ్చరిక వీలవుతుంది. రేపు మన వ్యోమగాములు కక్ష్యలో ఉన్న రోజున ఆ గంటకు వెల కట్టలేము.

అయినా సూర్యుని వైపు ఒక్క చోట నిలిచిన ఒక్క పరికరంతో భూమి చుట్టూ ఏమి జరుగుతున్నదో తెలియదు. 2024 మే 10న గత రెండు దశాబ్దాలలో అత్యంత తీవ్రమైన అయస్కాంత తుఫాను వచ్చినప్పుడు లడఖ్‌లోని హాన్లే నుంచి సైతం ఆకాశపు ఎర్రని వెలుగు కెమెరాకు చిక్కింది. ఆ తుఫాను తరువాత వలయాల నడుమ రెండు తాత్కాలిక వలయాలు ఏర్పడ్డాయనీ, అందులో ఒకటి ప్రోటాన్లతో నిండినదనీ కనిపెట్టినది కొలరాడో విశ్వవిద్యాలయం చేసిన, చెప్పుల పెట్టె అంత చిన్న ఉపగ్రహం. తుఫానుకు ముందే మూగబోయి, జూన్‌లో తిరిగి మేలుకున్న ఆ చిన్న ఉపగ్రహం అదృష్టవశాన ఆ సంగతి చెప్పగలిగింది. అదృష్టం మీద ఆధారపడవలసిన అవసరం మనకు లేదు. భూస్థిర కక్ష్యలో మనకు ఉన్న ఉపగ్రహాల సంఖ్యే అందుకు ఆధారం.

అందుకే సంస్థను కోరుతున్నది ఇది. జీశాట్-19లో చేసినది మినహాయింపుగా మిగిలిపోకుండా, సమాచార, దిక్సూచి, వాతావరణ ఉపగ్రహాలన్నింటి రూపకల్పనలో కణమాపకం బ్యాటరీ, సౌరఫలకం వలెనే విడదీయరాని భాగం కావాలి. వాటిని ఎగరవేసే ముందు ముంబైలోని పెలెట్రాన్ వంటి త్వరణ యంత్రాల కిరణపుంజాల ముందు పెట్టి, ఏ శక్తి కణానికి ఎంత స్పందన వస్తుందో సరిచూడాలి. ఎంత తీవ్రత దాటాక అవి తప్పు చెబుతాయో ఆ హద్దునూ ప్రకటించాలి. గోయెస్ అనే అమెరికా వాతావరణ ఉపగ్రహాలు 1 కోటి ఎలక్ట్రాన్ వోల్టులకు మించిన ప్రోటాన్ల లెక్కను నిమిషాలలో లోకమంతటికీ ఇస్తున్నాయి. చదరపు సెంటీమీటరుకు, సెకనుకు, ఒక ప్రమాణ కోణంలోనుంచి 10 ప్రోటాన్లు వస్తే తొలి మెట్టు హెచ్చరిక, అక్కడి నుంచి పది రెట్లు చొప్పున పెరిగి లక్ష దగ్గర ఐదవ మెట్టు. తూర్పు రేఖాంశాల మీద నిలిచిన మన ఉపగ్రహాలూ అదే కొలమానంలో, అంతే త్వరగా సంఖ్యలు ఇస్తే, భారత ఉపఖండం మీది కక్ష్య ఎలా ఉందో మనమే చెప్పగలుగుతాము. బెంగళూరు దగ్గరి బయలాలులోని భారత అంతరిక్ష విజ్ఞాన దత్తాంశ కేంద్రం ఈ బాధ్యత మోయగలదు.

పీఎస్ఎల్‌వీ నాలుగవ దశను ప్రయోగవేదికగా మార్చిన పోయెమ్ వేదికపై విశ్వవిద్యాలయాల పరికరాలకు సంస్థ ఇప్పటికే చోటు ఇస్తున్నది. సిలికాన్ పలక, ఆంప్లిఫయర్, కొద్దిపాటి ఎలక్ట్రానిక్స్‌తో చేయగల కణమాపకం విశాఖపట్నంలోనో వరంగల్‌లోనో తిరుపతిలోనో విద్యార్థుల చేతుల్లో తయారు కావడానికి అడ్డు ఏమీ లేదు. విద్యార్థి చేసిన పరికరం లెక్కను సంస్థ పరికరం లెక్కతో పోల్చి చూసే అవకాశం ఇస్తే, ఆ పోలికలోనే వారికి ఈ శాస్త్రపు అసలు క్రమశిక్షణ అబ్బుతుంది. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వినట్లు, ఉపగ్రహం మూగబోయాక కారణం వెతకడం కన్న ముందే ఈ ఏర్పాటు చేయడం తక్కువ ఖర్చుతో కూడిన పని.

రాబోయే భూస్థిర కక్ష్య ఉపగ్రహాల రూపకల్పన సమీక్షలోనే ఈ విషయాన్ని చర్చకు పెట్టాలనీ, కణమాపకాల లెక్కలను అందరికీ అందించే విధానాన్ని సంస్థ ప్రకటించాలనీ, ఆ ప్రకటన తెలుగుతో సహా భారతీయ భాషలన్నింటిలోనూ వెలువడాలనీ సవినయంగా కోరడమైనది.